డోబుల్ ఆవిరి కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కార్ల కబుర్లలో నేను డోబుల్ పేరు ఎత్తితే చాలు, వినేవారి ముఖంలో అనుమానం మొదలవుతుంది. ఆవిరి అనగానే బొగ్గు, మసి, కూత, పేలుడు వరసగా గుర్తొస్తాయి. డోబుల్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అయినా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పి అలసిపోయి అన్నీ ఒకచోట చేర్చాను. మొదటినుంచి చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## అసలు ఇదేం బండి

డోబుల్ అంటే ఏమిటి? ‘డబుల్’ అనబోయి తప్పు రాశారా?

తప్పు కాదు, అది ఇంటిపేరు. ఆబ్నర్ డోబుల్ 1890లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. ఆయన, ఆయన సోదరులు కలిసి తయారు చేసిన ఆవిరి కారుకి ఇంటిపేరే పెట్టుకున్నారు. ఇనుముతో చెలగాటం ఆ ఇంటికి కొత్త కాదు. తాత పేరు కూడా ఆబ్నరే. బంగారం కోసం జనం కాలిఫోర్నియాకి ఎగబడిన రోజుల్లో ఆయన గని కార్మికులకు పనిముట్లు చేసి అమ్మాడు. తండ్రి విలియం జలవిద్యుత్ కేంద్రాల్లో వాడే పెల్టన్ చక్రానికి మెరుగులు దిద్దిన ఇంజినీరు. బంగారం తవ్వినవాళ్ల సంగతి ఎలా ఉన్నా, పలుగూ పారా అమ్మినవాళ్లు బాగుపడ్డారు. మనవడు మాత్రం మళ్లీ బంగారం వేటలోనే పడ్డాడని నాకనిపిస్తుంది.

ఇది రైలింజనుకంటే ముందుదా, తర్వాతదా?

చాలా తర్వాతది. మొదటి డోబుల్ నమూనాలు 1910ల మొదట్లో వచ్చాయి. పేరు తెచ్చిన మోడల్ ‘ఇ’ 1920లలో తయారైంది. కంపెనీ 1931లో మూతబడింది. అప్పటికి ఫోర్డ్ మోడల్ టి లక్షల్లో అమ్ముడుపోయి, ఉత్పత్తి కూడా ఆగిపోయింది. అంటే డోబుల్ ఆవిరి యుగపు తొలి అడుగు కాదు, ఊరంతా పెట్రోలుకి మారిపోయాక మిగిలిన ఒక్క ఇంటి పట్టుదల.

స్టాన్లీ స్టీమర్ అంటారే, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. స్టాన్లీ కవల సోదరులు మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఆవిరి కార్లు చేశారు. డోబుల్ కంటే ముందు మొదలుపెట్టి, చాలా ఎక్కువ బళ్లు అమ్మారు. 1906లో వాళ్ల రేసుకారు ఫ్లోరిడా సముద్రతీరంలో గంటకు 127 మైళ్ల వేగం దాటి ప్రపంచ రికార్డు సాధించింది. అయితే స్టాన్లీ కారులో ఆవిరి పుట్టాలంటే చాలాసేపు కాచుకోవాలి, దారి పొడవునా నీళ్లు పోయాలి. ఈ రెండు బాధలూ తీర్చడానికే ఆబ్నర్ డోబుల్ పూనుకున్నాడు. స్టాన్లీ సాదాసీదా బండి, ఊరి మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. డోబుల్ అలా కాదు, దాని గుట్టు దానిది.

నీళ్లతో నడిచే కారు అంటారు, అది ఇదేనా?

నాలుగేళ్లకోసారి ఎవరో ఒకరు నీళ్లతో కారు నడిపామని ప్రకటిస్తారు, మరుసటి వారం నాకు ఈ ప్రశ్న వస్తుంది. డోబుల్ నీళ్లతో నడవదు, కిరోసిన్‌తో నడుస్తుంది. మంటలో పుట్టిన వేడిని పిస్టన్ల దాకా చేరవేసేది నీరు. ఇంధనం కిరోసిన్, నీరు కేవలం మోతగాడు. ట్యాంకులో కిరోసిన్ అయిపోతే నీళ్లు నిండుగా ఉన్నా బండి కదలదు.

బొగ్గు ఎవరు వేస్తారు? వెనకాల మనిషి కూర్చోవాలా?

బొగ్గు లేదు, వేసే మనిషీ అక్కర్లేదు. కిరోసిన్‌ను సన్నటి తుంపరగా చేసి, విద్యుత్ బ్లోయర్ గాలితో కలిపి, స్పార్క్ ప్లగ్‌తో అంటిస్తారు. ఆవిరి చాలినంత తయారవగానే మంట దానంతట అదే ఆరిపోతుంది, తగ్గితే తిరిగి అంటుకుంటుంది. రైలింజనులో ఫైర్‌మ్యాన్ పారతో చేసే పనంతా ఇక్కడ కొన్ని స్విచ్చులు చేస్తాయి. నడిపేవారు పట్టించుకోవలసినది రోడ్డునే.

## తాళం తిప్పినప్పటినుంచి

స్టార్ట్ అవడానికి అరగంట పడుతుందట కదా?

పాత ఆవిరి కార్ల సంగతి అది. స్టాన్లీలో ముందు చిన్న పైలట్ మంటను వెలిగించాలి, పెద్ద బర్నర్ వేడెక్కాలి, తర్వాత బాయిలర్ నిండా ఉన్న నీళ్లు కాగాలి. ఇరవై నిమిషాలో అరగంటో గడిచిపోయేది. పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరాల్సిన డాక్టరుగారికి అది కుదరని పని.

డోబుల్ మోడల్ ‘ఇ’లో ఇలా ఉండేది. డ్యాష్‌బోర్డు మీద తాళం తిప్పుతారు. ముందు బ్లోయర్ మోటారు హోరుమంటుంది, హెయిర్ డ్రయ్యర్ శబ్దాన్ని నాలుగింతలు చేసినట్టు. అంతలోనే లోపల మంట గుప్పున అంటుకుంటుంది. పీడనం చూపే ముల్లు నెమ్మదిగా లేచి, ఆపైన జోరుగా ఎక్కుతుంది. సరిపడా ఎక్కగానే హోరు టక్కున ఆగిపోతుంది. ఇక మిగిలేది నిశ్శబ్దం. ఇదంతా నిమిషం లోపే. 1924లో న్యూయార్క్‌లో గడ్డకట్టే చలిలో నిలబెట్టిన డోబుల్‌ని పరీక్షిస్తే, అర నిమిషం లోపే కదలడానికి సిద్ధమైంది.

మన ఇళ్లలో స్నానానికి నీళ్లు కాచే రాగి బాయిలర్ గుర్తుందా? మధ్యలో గొట్టం, అందులో కట్టెలు, చుట్టూ రెండు మూడు బిందెల నీళ్లు. ఆ నీళ్లన్నీ కాగితేనే స్నానం. పాత ఆవిరి కార్లదీ ఇంచుమించు అదే పద్ధతి, కాకపోతే మంట పోయే గొట్టాలు ఒకటి కాదు, వందలు. డోబుల్ దీన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో నీళ్లు, చుట్టూ మంట. ఒక క్షణానికి అవసరమైన నీళ్లే గొట్టంలో ఉంటాయి, అవి ఆ క్షణంలోనే ఆవిరైపోతాయి.

నడపడం కష్టమా? ఎన్ని మీటలు, ఎన్ని పెడళ్లు?

అప్పటి పెట్రోలు కారుకంటే తేలిక. స్టీరింగు చక్రం లోపల ఇంకో చిన్న చక్రం ఉంటుంది, ఆవిరిని ఎక్కువ తక్కువ చేసేది అదే. కాలి దగ్గర రెండు పెడళ్లు, ఒకటి బ్రేకు, రెండోది వెనక్కి నడిపించేది. క్లచ్ లేదు, గేరు కర్ర లేదు. 1920లలో గేరు మార్చడమంటే పళ్లచక్రాలు కరకరలాడకుండా క్లచ్‌ను రెండుసార్లు తొక్కే విద్య. అది రానివాళ్లు కూడా డోబుల్‌ని మొదటి రోజే నడిపేయవచ్చు.

గేర్లు లేకుండా ఎత్తు ఎలా ఎక్కుతుంది?

పెట్రోలు ఇంజను నిలబడి ఉన్నప్పుడు దానికి బలం లేదు. నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంటేనే సత్తువ వస్తుంది. అందుకే దానికి గేర్లు, క్లచ్ కావాలి. ఆవిరి ఇంజను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిస్టన్ కదలకుండా ఉన్నప్పుడు కూడా ఆవిరి దాన్ని పూర్తి బలంతో నెడుతూనే ఉంటుంది. ఎక్కువ ఈడ్పు అవసరమయ్యేది మొదటి కదలికకే, ఆవిరి ఇచ్చేదీ అక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో నిట్టనిలువు వీధులు చూసినవారికి అక్కడ పెరిగిన కుర్రాడికి ఆవిరి మీద మోజు ఎందుకు కలిగిందో వేరే చెప్పక్కర్లేదు.

వెనక్కి ఎలా వెళ్తుంది?

రెండో పెడల్ తొక్కితే ఆవిరి సిలిండర్లలోకి వెళ్లే వేళలు మారి ఇంజనే వెనక్కి తిరుగుతుంది. రివర్స్ గేరంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. సిద్ధాంతం ప్రకారం ముందుకి ఎంత బలమో వెనక్కీ అంతే.

ఎంత వేగం వెళ్లేది?

మోడల్ ‘ఇ’ రెండు టన్నులు దాటిన బరువైన బండి. అయినా గంటకు 90 మైళ్లు, అంటే దాదాపు 145 కిలోమీటర్ల దగ్గర ఇబ్బంది లేకుండా వెళ్లేదని చెబుతారు. అంత వేగంలో కూడా ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు, ఆపైన కాస్త. అదే వేగంలో ఈనాటి చిన్న పెట్రోలు కారు ఇంజను నాలుగు వేలకు అటూ ఇటూ తిరుగుతూ అరుస్తుంది. సినిమాలు తీసి, విమానాలు నడిపిన అమెరికా కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ తన డోబుల్‌ని ఇంకా చాలా వేగంగా తోలాడని కథలున్నాయి. హ్యూస్ గురించి కథలకు కొదవేముంది, ఆ అంకెలు నేను ఇక్కడ రాయను.

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఆగిపోదా?

ఆగిపోతుంది, ఆగాలి కూడా. చక్రాలు ఆగితే ఇంజనూ ఆగుతుంది, ఎందుకంటే అది వెనక ఇరుసుకే బిగించి ఉంది. ఆవిరి మాత్రం బాయిలర్‌లో సిద్ధంగా ఉంటుంది. చిన్న చక్రాన్ని కొంచెం తిప్పితే మళ్లీ బయల్దేరుతుంది. పెట్రోలు బండిలా నిలబడి వణకడం, తిరిగి స్టార్ట్ చేయడం ఏవీ లేవు.

విద్యుత్ కారు నడిపినట్టే ఉంటుందా?

నడపడంలో చాలా దగ్గర. మొదటి అంగుళంనుంచే పూర్తి ఈడ్పు, గేర్లు లేకపోవడం, ఆగినప్పుడు నిశ్శబ్దం, ఈ మూడూ రెండింటికీ ఒకటే. తేడా అల్లా మధ్యమధ్య బర్నర్ అంటుకున్నప్పుడు వినిపించే హోరు. ఇంకో తేడా ఇంధనానిది. డోబుల్‌కి కావలసిన కిరోసిన్ ఏ ఊళ్లో అయినా దొరికేది. ఆ రోజుల్లో విద్యుత్ కారుకి పట్నం దాటితే దిక్కు లేదు.

దారిలో నీళ్లు పోస్తూ పోవాలా?

అక్కర్లేదు, డోబుల్ గొప్పతనమే అది. పాత ఆవిరి కార్లు వాడిన ఆవిరిని గాలిలోకి వదిలేసేవి. దాంతో మైలుకి గాలన్ చొప్పున నీళ్లు తాగి, గుర్రాల తొట్లు కనిపించిన చోటల్లా ఆగేవి. డోబుల్ ముందు భాగంలో రేడియేటర్‌లా కనిపించేది నిజానికి కండెన్సర్. పని చేసి వచ్చిన ఆవిరి అందులో చల్లబడి నీరై తిరిగి ట్యాంకుకి చేరుతుంది. దాదాపు 90 లీటర్ల నీళ్లతో 1,500 మైళ్ల వరకూ వెళ్లగలిగేది. దాహం అంతగా తీరిందంటే కంచిలో నింపితే కాశీ దాకా మళ్లీ చూడక్కర్లేదు. స్టాన్లీలు కూడా 1915 నుంచి తమ కార్లకు కండెన్సర్ పెట్టారు.

రోడ్డంతా పొగ, ఆవిరి కమ్ముకుంటుందా?

లేదు. వాడిన ఆవిరి కండెన్సర్‌కి పోతుంది కాబట్టి తెల్లటి మేఘాలు కనిపించవు. నల్లపొగ కూడా ఉండదు. పెట్రోలు ఇంజనులో ఇంధనం సెకనులో వందో వంతులో హడావుడిగా మండాలి. ఇక్కడ మంటకి కావలసినంత గాలి, కావలసినంత సమయం దొరుకుతాయి, అందుకే శుభ్రంగా మండుతుంది. ఛుక్ ఛుక్ శబ్దం, కూత కూడా లేవు. పిల్లలు ఇది విని కొంచెం నిరాశ పడతారు.

## బానెట్ కింద

బాయిలర్ పేలితే? ఒళ్లో బాంబు పెట్టుకున్నట్టే కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడగవలసిందే. మోడల్ ‘ఇ’లో ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 750 పౌండ్లు, ఉష్ణోగ్రత దాదాపు 400 డిగ్రీల సెల్సియస్. వంటింట్లో కుక్కర్ 15 పౌండ్ల దగ్గరే విజిల్ వేస్తుంది. అంటే ఇది యాభై కుక్కర్ల పీడనం.

కానీ పేలుడుకి కారణం పీడనం ఒక్కటే కాదు, ఆ పీడనంలో ఎంత నీరు నిలవ ఉందన్నది. పెద్ద డ్రమ్ములాంటి బాయిలర్ పగిలితే, అందులోని నీళ్లలో కొంత భాగం ఒక్క క్షణంలో ఆవిరై కొన్ని వందల రెట్లు ఉబ్బుతుంది. విధ్వంసం అక్కడే. డోబుల్ బాయిలర్‌లో డ్రమ్మే లేదు. ఒకే పొడవాటి ఉక్కు గొట్టాన్ని చుట్టలుగా చుట్టారు, విప్పి పరిస్తే దాదాపు 575 అడుగులు, అంటే 175 మీటర్లు. ఇంత గొట్టం 22 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల ఎత్తులో ఇమిడిపోయింది. ఎక్కడైనా పగిలితే ఆ చోటినుంచి బుస్సుమని ఆవిరి మంటలోకే వస్తుంది, మంట ఆరుతుంది, బండి ఆగుతుంది. గొట్టాన్ని తయారీలోనే 7,000 పౌండ్ల చన్నీటి పీడనంతో పరీక్షించేవారు, వాడేదానికి తొమ్మిది రెట్లకు పైగా.

ఒకే గొట్టం అంటున్నారు. అందులో నీళ్లు ఆవిరయ్యేది ఎక్కడ?

బర్నర్ పైన ఉంటుంది, మంట పైనుంచి కిందికి వస్తుంది. నీళ్లను పంపు కిందినుంచి పైకి తోస్తుంది. అంటే చల్లటి నీళ్లకి ముందు చల్లారిన పొగ తగులుతుంది, పైకి పోయేకొద్దీ వేడెక్కి, ఆవిరై, చివర అసలైన మంట దగ్గర ఇంకా కాగుతుంది. ఎదురెదురుగా నడిచే ఈ ఏర్పాటులో వేడి వృథా తక్కువ. చిక్కు ఎక్కడంటే, నీరు ఎక్కువైతే ఆవిరి తడిగా వస్తుంది, తక్కువైతే గొట్టం మాడుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి పక్కన నిలబడినంత శ్రద్ధ కావాలి, అదీ ప్రతి సెకనూ. మనిషి వల్ల అయ్యేది కాదు కాబట్టి ఉష్ణోగ్రత, పీడనం చూసి నీటినీ మంటనూ సరిచేసే యంత్రాంగం పెట్టారు. డోబుల్ సోదరుల తెలివి, డబ్బు, ఆయుష్షు ఎక్కువగా ఖర్చయింది ఇక్కడే.

ఇంజను ఎక్కడ ఉంటుంది? ఎన్ని సిలిండర్లు?

బానెట్ తెరిస్తే కనిపించేది బాయిలర్, ఇంజను కాదు. ఇంజను వెనక ఇరుసుతో కలిసి ఉంటుంది. ఆబ్నర్ డెట్రాయిట్ నగరంలో ఉన్నప్పటి తొలి కార్లకు రెండు సిలిండర్లు, మోడల్ ‘ఇ’కి నాలుగు. మొదట సన్న సిలిండర్లలో పని చేసిన ఆవిరికి ఇంకా ఊపిరి మిగిలి ఉంటుంది, దాన్ని లావు సిలిండర్లలోకి పంపి మళ్లీ పని చేయిస్తారు. చెరకును గానుగలో రెండోసారి పెట్టి పిండినట్టు. పైగా ఆవిరి ఒక్కో పిస్టన్‌ను రెండు వైపులనుంచీ నెడుతుంది, కాబట్టి ఖాళీగా తిరిగే స్ట్రోకు అంటూ లేదు.

నీళ్లలో సున్నం పట్టి గొట్టం మూసుకుపోదా?

బోరు నీళ్లు వాడే ఇంట్లో గీజరు విప్పి చూసినవారి ప్రశ్న ఇది. తెల్లటి పొర పేరుకుంటే వేడి నీటికి చేరదు, లోహం మాడుతుంది. డోబుల్‌లో అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి, కొత్త సున్నం వచ్చే అవకాశం తక్కువ. ఇంకో విశేషం ఉంది. సిలిండర్లకు వేసే నూనె ఆవిరితో కలిసి నీళ్లలోకి వస్తుంది. మిగతా ఆవిరి కార్ల తయారీదారులకు ఇది తలనొప్పి, నూనె చేరితే బాయిలర్ పాడవుతుందని భయం. డోబుల్ ఆ నూనెను ఉండనిచ్చాడు. గొట్టం లోపలి గోడకి అది పలుచగా పట్టి తుప్పునూ పొరనూ అడ్డుకుంటుందని గమనించాడు.

మరి పెట్రోలు కారుకంటే అన్నిటా మేలేనా?

కాదు. ఇంధనం ఖర్చులో పెట్రోలు ఇంజను, ఆపైన డీజిల్ దీన్ని ఓడించాయి. మంటలో పుట్టిన వేడిలో పెద్ద భాగం కండెన్సర్ ద్వారా గాలిపాలవుతుంది, దానికి మందు లేదు. బాయిలర్, పంపులు, కండెన్సర్, కవాటాలు, స్విచ్చులు కలిసి బరువు, ధర రెండూ పెంచాయి. నడిపేవారికి ఎంత తేలికో బాగుచేసేవారికి అంత కష్టం. పెడళ్లు రెండే అని మురిసిపోయేవాళ్లు బానెట్ ఎత్తి చూస్తే నోరు మూస్తారు.

## కంపెనీ కథ

ఆబ్నర్ డోబుల్ దీన్ని ఎలా మొదలుపెట్టాడు?

కుర్రతనంలోనే సోదరులతో కలిసి, పాడైన ఒక ఆవిరి కారు భాగాలు పోగేసి సొంత బండి కట్టాడు. 1910లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, త్వరలోనే చదువు మానేసి, దగ్గర్లోని వాల్తమ్‌లో షెడ్డు పెట్టాడు. కండెన్సర్ ఉన్న కారు అక్కడ రూపు దిద్దుకుంది. 1915లో అందులోనే డెట్రాయిట్‌కి వెళ్లి పెట్టుబడి సంపాదించాడు. పాతికేళ్ల మనిషి ఆవిరి కారు వేసుకుని పెట్రోలు కార్ల రాజధానికి వెళ్లి డబ్బు అడిగాడంటే, అంత ధైర్యం చూసే వాళ్లు ఇచ్చి ఉంటారు.

పదివేల ఆర్డర్లు వచ్చి కూడా కార్లు ఎందుకు ఇవ్వలేదు?

1917లో న్యూయార్క్ ప్రదర్శనలో డోబుల్ డెట్రాయిట్ కారు చూసి జనం ఎగబడ్డారు, పదివేలకు పైగా ఆర్డర్లు అందాయని చెబుతారు. తయారైనవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. ఆ ఏడాదే అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది, ఉక్కు దొరకలేదన్నది కంపెనీ చెప్పిన కారణం. అందులో నిజముంది, కానీ సగమే. బండి ఇంకా సిద్ధంగా లేదు, నీరు, మంటల సర్దుబాటు చెప్పిన మాట వినడం లేదు. పైగా ఏ ఆవిష్కరణ ఎవరిదన్న విషయంలో అన్నదమ్ములకు పడలేదు. జాన్ డోబుల్ సొంత అన్న మీద దావా వేసే దాకా వెళ్లింది. ఆబ్నర్ డెట్రాయిట్ వదిలి కాలిఫోర్నియాకి వచ్చేశాడు. జాన్ 1921లో, ముప్పై నిండకుండానే, జబ్బు చేసి చనిపోయాడు. ఆ తర్వాతే మిగిలిన సోదరులు మళ్లీ ఒక్కటయ్యారు.

మోడల్ ‘ఇ’ ఎక్కడ తయారైంది? ఎన్ని?

శాన్‌ఫ్రాన్సిస్కోకి అఖాతం అవతల, ఓక్లాండ్ పక్కనే ఉన్న ఎమరీవిల్‌లో. ఇప్పుడు ఆ ఊరు పిక్సార్ స్టూడియో వల్ల తెలుసు. మోడల్ ‘ఇ’ కార్లు రెండు డజన్లు, అన్ని నమూనాలూ కలిపినా యాభై లోపే. బాడీలు పాసడీనాలోని మర్ఫీ సంస్థ కట్టేది, అప్పట్లో హాలీవుడ్ ధనవంతులకు ఇష్టమైన పేరది.

ధర ఎంత? ఎవరు కొన్నారు?

1925లో ఫోర్డ్ మోడల్ టి చౌక రకం 260 డాలర్లు. డోబుల్ ధర వేల డాలర్లలో ఉండేది, ఒక్క డోబుల్ డబ్బుతో వీధిలో అందరికీ ఫోర్డులు కొనిపెట్టవచ్చు. అంత పెట్టగలిగినవారిలో హోవర్డ్ హ్యూస్ ఒకడు. మన దేశంనుంచి భరత్‌పూర్ మహారాజా ఒక డోబుల్ తెప్పించుకున్నారు. రోల్స్ రాయిస్‌లు వరసకట్టి ఉన్న సంస్థానాల్లో ఆవిరి కారు ఎంచుకోవడం వేరే రుచి.

పెట్రోలు కంపెనీలు కుట్ర చేసి తొక్కేశాయట, నిజమేనా?

డోబుల్ కాల్చింది కిరోసిన్. దాన్ని అమ్మేది కూడా ఆ చమురు కంపెనీలే. బాగా నడిచే కిరోసిన్ కారు వాళ్ల కడుపు కొట్టేది కాదు, నింపేది. అసలు దెబ్బ 1912లోనే తగిలింది, కాడిలాక్ కారుకి విద్యుత్ స్టార్టర్ వచ్చిన రోజున. అంతవరకూ పెట్రోలు కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి, అది ఎదురుతన్నితే చెయ్యి విరిగేది. ఆ భయం ఉన్నంతకాలం ఆవిరికీ విద్యుత్తుకీ గిరాకీ ఉండేది. మీట నొక్కితే పెట్రోలు బండి స్టార్ట్ అవడం మొదలయ్యాక, నిమిషంలో ఆవిరి పుట్టించే డోబుల్ ఎవరి సమస్య తీరుస్తున్నట్టు? ఆ జవాబు తయారయ్యేసరికి ప్రశ్నే మారిపోయింది.

వాటాల మోసం కేసు ఏమిటి? ఆబ్నర్ జైలుకి వెళ్లాడా?

1920ల మధ్యలో కంపెనీ వాటాల అమ్మకంలో అక్రమాలు బయటపడ్డాయి. కాలిఫోర్నియా అధికారులు ఆబ్నర్ మీద కూడా అభియోగం మోపారు. కింది కోర్టు దోషి అంది, పైకోర్టు సాంకేతిక కారణం మీద తీర్పు కొట్టేసింది. మచ్చ పోలేదు, పెట్టుబడి పెట్టేవారు దూరమయ్యారు. ఆయన వాటాదారులను ముంచడానికి పుట్టిన మనిషని నేననుకోను. అయితే లెక్కల పుస్తకానికి ఇచ్చిన శ్రద్ధ బాయిలర్‌కి ఇచ్చినదాంట్లో పదో వంతు కూడా లేదు.

అంత మంచి కారు అమ్ముకోవడం ఎందుకు చేతకాలేదు?

ఆయన చేతిలోంచి బండి వదలదు. ఒక కారు పూర్తయ్యేలోపే తర్వాతి దానికి మార్పు తోచేది, దాంతో ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకలా లేవు. ఫోర్డ్ ఒకే బండిని కోటిన్నర సార్లు చేశాడు. డోబుల్ రెండు డజన్ల బళ్లను రెండు డజన్ల రకాలుగా చేశాడు. శిల్పికి అది సరే, కార్ఖానాకి చేటు. 1929 ఆర్థిక పతనం తర్వాత అంత ఖరీదైన బొమ్మలు కొనేవారూ తగ్గారు, 1931లో కంపెనీ తలుపులు మూసింది.

## ఆ తర్వాత

ఆబ్నర్ డోబుల్ ఏమయ్యాడు?

ఆవిరిని వదల్లేదు. 1930లో న్యూజిలాండ్‌కి వెళ్లి ఆవిరి బస్సు పనిలో సాయపడ్డాడు. తర్వాత ఇంగ్లండ్‌లో, ఆవిరి లారీలకు పేరున్న ష్రూస్‌బరీలోని సెంటినెల్ సంస్థలో పనిచేశాడు. సోదరుడు వారెన్ జర్మనీలోని హెన్షెల్ సంస్థకి వెళ్లాడు. 1950లలో అమెరికాలో మెకల్లక్ సంస్థ కొత్త ఆవిరి కారు ప్రయత్నిస్తే ఆబ్నర్ సలహాదారుగా ఉన్నాడు, అదీ మార్కెట్‌కి రాలేదు. 1961లో కాలిఫోర్నియాలోనే కన్నుమూశాడు.

ఆవిరితో విమానం ఎగిరిందంటారు, నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఎమరీవిల్ కార్ఖానాను బెస్లర్ సోదరులు కొనుక్కున్నారు. 1933 ఏప్రిల్ 12న ఓక్లాండ్‌లో వాళ్లు ట్రావెల్ ఎయిర్ కంపెనీ విమానం ఒకదానికి ఆవిరి ఇంజను పెట్టి ఎగరేశారు. ఇంజను శబ్దం ఎంత తక్కువంటే, పైలట్ పైనుంచి పిలిస్తే కింద ఉన్నవారికి వినిపించింది. నేల మీదికి దిగగానే ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పి బ్రేకులా వాడుకున్నాడు.

ఈ రోజుల్లో మళ్లీ చేయొచ్చు కదా?

ప్రయత్నించారు. 1960ల చివర వాహనాల పొగతో కాలిఫోర్నియా ఉక్కిరిబిక్కిరైనప్పుడు, శుభ్రంగా మండే ఆవిరి మళ్లీ గుర్తొచ్చింది. చిన్న జెట్ విమానాలతో పేరుపొందిన విలియం లియర్ కూడా అందులో చెయ్యి కాల్చుకున్నాడు. 1972 ప్రాంతంలో ఆవిరి బస్సులు నిజంగానే రోడ్డెక్కాయి. పొగ తగ్గింది, ఇంధనం ఖర్చు పెరిగింది. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చిపడింది, లీటరుకి ఎన్ని మైళ్లని అడిగే కాలంలో ఆవిరి నిలబడలేదు.

ఇప్పుడు డోబుల్‌ని ఎక్కడ చూడొచ్చు?

టీవీ వ్యాఖ్యాత జే లెనో దగ్గర, ఒకప్పుడు హోవర్డ్ హ్యూస్ నడిపిన డోబుల్ ఇంకా రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉంది. ఆయన దాన్ని నడుపుతున్న వీడియోలు దొరుకుతాయి. చూసేటప్పుడు వేగం మీద దృష్టి పెట్టకండి. బండి ఆగి ఉన్న క్షణాలు చూడండి. బర్నర్ హోరు ఆగిపోతుంది, బానెట్ వణకదు, ఏ చప్పుడూ ఉండదు. అంతలో లోపలి చిన్న చక్రం మీద బొటనవేలు కొద్దిగా కదులుతుంది, రెండు టన్నుల ఇనుము చడీచప్పుడు లేకుండా ముందుకి జరుగుతుంది.